కుడి తుంటి మీద చుక్క

నంద్యాలలో మా స్కాన్ సెంటర్‌కు వచ్చేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. "కరెంటు పెడతారా?" కరెంటేమీ పెట్టం అని చెప్తాను. సూది వేస్తాం, మూడు గంటలు కూర్చోబెడతాం, తర్వాత బల్ల మీద పడుకోబెట్టి బొమ్మ తీస్తాం, అంతే. ఎక్స్‌రేలో కిరణాలు మిషన్‌లోంచి మనిషిలోకి పోతాయి. ఇక్కడ మనిషిలోంచి మిషన్‌లోకి వస్తాయి. సూదిలో ఎక్కించిన మందు కొద్ది కొద్దిగా రేడియేషన్ వదులుతూ పోయి ఎముకల్లో చేరుతుంది. ఎముక ఎక్కడ చెడిందో అక్కడ ఎక్కువ చేరుతుంది, తెర మీద అక్కడ నల్ల చుక్క పడుతుంది. ఆ మందు ఆయుస్సు తక్కువ. ఆరు గంటలకు సగం అవుతుంది, ఇంకో ఆరు గంటలకు ఆ సగంలో సగం. మర్నాటికి వెతికినా పనికొచ్చేంత మిగలదు.

నా పేరు నాగజ్యోతి, మాది గోస్పాడు. పన్నెండేళ్లుగా ఇదే పని. నాకు కోపం ఎక్కువని సెంటర్లో అందరికీ తెలుసు. నీళ్లు తాగమంటే కాఫీ తాగివచ్చేవాళ్లు, కదలొద్దంటే ఫోను కోసం చెయ్యి చాపేవాళ్లు నా నోట్లో పడి బయటపడడం కష్టం. అందరూ తప్పులు చేస్తారు, నేను మాత్రం చెయ్యను అని ఒక నమ్మకం ఉండేది నాకు. అది ఒక శుక్రవారం నాడు పోయింది.

ఆ పొద్దున ఎనిమిదిన్నరకు బాలయ్యకు సూది వేశాను. అరవై రెండేళ్ల మనిషి. ఆళ్లగడ్డ దాటి నల్లమల అంచున ఉండే చెంచుగూడెం ఆయనది. ఎండాకాలం అడవికి మంటలంటకుండా కాపలా కాస్తాడు. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందని కర్నూలులో తేల్చారు. అది ఎముకలకు పాకకపోతే ఆపరేషన్ చేసి తీసేస్తారు, మనిషి బతుకుతాడు. పాకితే కత్తి ముట్టుకోరు. సూదులు, మాత్రలు ఇచ్చి ఎన్నాళ్లు గడిస్తే అన్నాళ్లు గడపమంటారు. ఆపరేషన్ల జాబితా శనివారం పొద్దున తొమ్మిదికి ఖరారు చేస్తారు. అందులో బాలయ్య పేరు ఉంటుందా, పోతుందా అన్నది మేం తీసే బొమ్మ మీద ఉంది.

ఆయన వెంట వచ్చింది కొడుకు కాదు, భార్య తమ్ముడు నరేశ్. నలభై ఏళ్లుంటాయి. కొడుకులు లేరా అని అడిగాను.

"ఉండారు మేడమ్. కానీ మాలో కొండచరియ నుంచి తేనె తీసేకి బావ తాడు మింద దిగితే, పైన తాడు పట్టేది బామ్మర్దే. అక్క మొగం సూసన్నా వాడు తాడు వదల్డని పెద్దోళ్ల లెక్క. ఇది గూడా అట్లాంటి దిగుడే గదా. అందుకే నేనొచ్చినా."

మా దగ్గర మగవాళ్ల బట్టలు మార్పించడం శాంసన్ పని. ఆ రోజు అతను చెల్లెలి పెళ్లికని డోన్ వెళ్లాడు. శాంసన్‌కు మొహమాటం లేదు. తలుపు దగ్గర నిలబడి "చెయిను, ఉంగరం, తాళంచెవులు, తాయెత్తు, మొలతాడు, ఏదుంటే అది తీసి బయట పెట్టన్నా" అని ఊరంతా వినబడేట్టు చెప్తాడు. నేను ఆడదాన్ని, బాలయ్యకు మా నాయన వయసు. గౌను చేతికిచ్చి, "ఒంటి మీద ఇంకేమన్నా ఉండాయాప్పా?" అన్నాను.

"ఏం లేవమ్మా" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. మా సీమలో మగవాడు మొలతాడును ఒంటి మీది వస్తువు కింద లెక్కపెట్టడు. బిడ్డగా ఉన్నప్పుడు కడతారు, పోయాక తెంపుతారు, మధ్యలో అది ఒంట్లో భాగమే. బల్ల ఎక్కుతూ ఆయన పక్కకు తిరిగినప్పుడు గౌను కొంచెం తొలగింది. నడుముకు నల్లటి నూలు తాడు కనబడింది. కొసలు జానెడు పొడవు వదిలి, కుడి పక్కన మడిచి దోపుకున్నాడు. నేను చూశాను. చూసి మొహం పక్కకు తిప్పుకున్నాను. నూలే కదా, ఇనుము కాదు కదా అని నాకు నేనే చెప్పుకుని, 'ఒంటి మీది వస్తువులు తీయించడమైనది' అన్న చోట టిక్కు పెట్టాను.

ఎముకల్లో చేరగా మిగిలిన మందు మూత్రంలో పోతుంది. అందుకే నీళ్లు బాగా తాగిస్తాం, మాటిమాటికీ బాత్రూంకు పంపిస్తాం. ప్రోస్టేట్ జబ్బున్న ముసలాయనకు ధార సరిగా ఉండదని, చుక్కలు అటూ ఇటూ పడతాయని నాకు తెలియకపోలేదు. తెలిసే టిక్కు పెట్టాను.

పదకొండూ ముప్పావుకు బొమ్మ తీశాను. ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. కుడి తుంటి మీద చుక్క పడింది. చిన్నదే, కానీ బాగా నల్లగా ఉంది. మా బొమ్మలు చదివి రిపోర్టు రాసే డాక్టర్ శ్రీకాంత్ కర్నూలులో ఉంటారు. కంప్యూటర్లో పంపిస్తే ఒంటి గంటకు రాసి పంపారు. కుడి తుంటి ఎముకలో ఒక చోట మందు ఎక్కువ చేరిందని, క్యాన్సర్ పాకినట్టు అనుమానమని.

నరేశ్ కవరు నా ముందే చింపాడు. కాగితం అటూ ఇటూ తిప్పి, "ఉన్నది చెప్పు మేడమ్" అన్నాడు.

"తుంటి ఎముకకు పాకినట్టుందంటాండారు డాక్టరు."

నరేశ్ గోడకు ఆనుకున్నాడు. బాలయ్య మాత్రం చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, "సరే పా. ఒకటిన్నరకు బస్సుండాది. మీ అక్క ఆళ్లగడ్డలో కాసుకోనుంటాది" అన్నాడు. కూరగాయల సంతకు వచ్చి బేరం కుదరక తిరిగిపోతున్న మనిషిలా ఉన్నాడు. వాళ్లు వెళ్లిపోయారు.

ప్రతి రోగి వెళ్లాక గది అంతా మీటరుతో చూడడం మా పద్ధతి. మందు ఎక్కడైనా ఒలికి ఉంటే మీటరు చప్పుడు చేస్తుంది. బల్ల చూశాను, దుప్పటి చూశాను, రెండుంబావుకు బాలయ్య విడిచిన గౌను దగ్గరికి వచ్చాను. కుడి నడుము దగ్గర, లోపలి వైపు, మీటరు టపటపా కొట్టుకుంది. తిప్పి ఇంకోసారి పెట్టాను. అక్కడే. అరచేయంత మేర.

కుర్చీలో కూర్చుని బొమ్మ మళ్లీ తెరిచాను. తాడు కొసలకు మూత్రం అంటి, ఆ కొసలు తుంటి మీద మడిచి ఉంటే బొమ్మలో ఎలా పడుతుంది? ఇలాగే పడుతుంది. పక్క నుంచి ఒక బొమ్మ తీసి ఉంటే చుక్క ఎముకలో ఉందా, ఎముకకు బయట ఉందా తేలిపోయేది. నేను తీయలేదు.

డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఈ రోజే తీయాలి నాగజ్యోతీ. రేపటికి మందు మిగలదు. మళ్లీ సూది వేద్దామంటే మీ దగ్గర స్టాకు సోమవారం కదా వచ్చేది? ఆయన పేరు రేపు తొమ్మిదికి కొట్టేస్తారు. ఇంకో జాబితా నెలన్నర తర్వాత. ఆ జబ్బు నెలన్నర ఆగుతుందని నేను చెప్పలేను."

నరేశ్ ఫోన్‌కు చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను, అదే. గూడేనికి పోయే ఆటో ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల దగ్గర ఆగుతుందని, మనుషులు నిండితే గానీ కదలదని, ఎంత లేదన్నా నాలుగున్నర అవుతుందని నరేశ్ పొద్దున మాటల్లో చెప్పాడు. ఆటో కదిలితే అడవి, అడవిలో సిగ్నల్ ఉండదు. మీటరు సంచిలో వేసుకున్నాను. అది సెంటర్ గడప దాటకూడదని రూలు. మా ఆయా కమలమ్మ చూసి, "సార్ అడిగితే ఏం జెప్పల్లమ్మా?" అంది.

"యాడికి పోయింటే ఆడికి పోయిందని చెప్పు" అని బస్సెక్కాను.

గంటకు పైగా పట్టింది. ఆ గంటలో ఏ దేవుడికీ మొక్కుకోలేదు, మొక్కుకునే ముఖం లేదు. ఆరు గంటలకు సగం, తొమ్మిది గంటలకు మూడో వంతు అని లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

నాలుగు గంటలకు ఆళ్లగడ్డలో దిగాను. రోడ్డు పక్క షెడ్లలో సుత్తి దెబ్బలు, రాతి దుమ్ము. ఒక షెడ్డు ముందు చెక్కడానికి తెచ్చి పడేసిన బండ మీద బాలయ్య కూర్చుని ఉన్నాడు. పక్కన నేల మీద ఆయన భార్య. పాపమ్మ అని నరేశ్ చెప్పాడు. ఆమె ఏడవడం లేదు. మోకాళ్ల చుట్టూ చేతులు బిగించుకుని రోడ్డు వైపు చూస్తోంది, కానీ ముందు నుంచి లారీ పోయినా రెప్ప వేయడం లేదు. ఆటో సగం నిండి ఉంది.

"ఏందమ్మా, ఈడికొచ్చినావ్?" అన్నాడు బాలయ్య.

"నీకోసమే వచ్చినాప్పా. ఆ చుక్క ఎముకది కాకపోవచ్చు. నీ మొలతాడుది కావచ్చు."

బాలయ్య చెయ్యి నడుము మీదికి పోయింది. "మొలతాడుకు గూడా వస్తాదా క్యాన్సరు?"

ఆటోలో ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చెప్పాను. పొద్దున వేసిన మందు ఉచ్చలో పోతుందని, అది తాడు కొసలకు అంటిందని, మిషన్‌కు తాడేదో ఎముకేదో తెలియదని. మీటరు తీసి ఎడమ తుంటి దగ్గర పెట్టాను. ఒళ్లంతా మందు ఉంది కాబట్టి అక్కడా కొట్టుకుంది, నెమ్మదిగా. కుడి పక్క పెట్టేసరికి పేలాలు వేగినట్టు ఒకటే చప్పుడు.

"సూడు" అన్నాను.

"ఎముకలో ఉన్న్యా అట్లే కొడతాది గదమ్మా" అన్నాడు బాలయ్య.

పొగ చూసి మంట ఎంత దూరమో చెప్పే మనిషి, ఆయన్ను మభ్యపెట్టడం నా వల్ల కాదు. "కొడతాది" అన్నాను. "అందుకే తాడు తీసి, నంద్యాలకొచ్చి మళ్లీ బొమ్మ తీయించుకోవల్ల. ఈ పొద్దే. రేపటికి మందుండదు."

"తాడు తీసేదా?" ఆయన గొంతు మొదటిసారి గట్టిపడింది. "అది తీసేది పీనుగకు. ఎట్లా పోతాండా గదా, నేను పోయినాంక తీసుకోండి. ఇప్పుడు మొండి మొలతో కూసోను."

పాపమ్మ నా వైపు చూడలేదు. ఆయన వైపు కూడా చూడలేదు. బస్సులో వస్తూ అన్నీ లెక్కవేసుకున్నాను గానీ ఇది వేసుకోలేదు. నేను చిన్నప్పుడు మా నాయన తాడు మార్చుకోవడం గుర్తుకొచ్చింది. ఏటా ఉగాదికి ముందు సంత నుంచి కొత్తది తెచ్చుకునేవాడు. పాతది విప్పి కొత్తది కట్టుకోడు. కొత్తది కట్టుకుని, ముడి బిగిసిందని చూసుకున్నాకే పాతది విప్పేవాడు. మొల ఒక్క క్షణం కూడా ఉత్తగా ఉండకూడదని.

"కొత్తది కట్టుకోప్పా ముందు. అది ఒంటి మింద ఉండంగానే పాతది తీయి. మీలో గూడా అట్లే గదా మార్చేది?"

నరేశ్ బండ దగ్గరికి వచ్చి బాలయ్య ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బావా, కొండ మింద నేను తాడు పడితే ఒక్కపారన్నా తల పైకెత్తి సూసినావా? సూడకుండానే దిగుతావు. ఈడేం తక్కువైంది నా మింద నమ్మకం? నేనే కడతా, నేనే ఇప్పుతా. పా."

"నువ్వు పట్టినావని దిగుతా. ఈ పాప ఎవరో నాకేం తెలుసు?" అన్నాడు బాలయ్య, నన్ను చూపించి.

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అప్పుడు పాపమ్మ లేచింది. ఎవరితోనూ ఏమీ అనకుండా రోడ్డు దాటి, బస్టాండు ముందు గాజుల కొట్లో నల్ల మొలతాడు కొనుక్కొచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. బాలయ్య ఆమెను చూశాడు, లేచి నరేశ్ వెంట షెడ్డు వెనక్కి పోయాడు.

వాళ్లు తెచ్చిన పాత తాడును దూరంగా ఒక బండ మీద పెట్టించి మీటరు పెట్టాను. పేలాలు. వచ్చి బాలయ్య కుడి తుంటి దగ్గర పెట్టాను. ఎడమ పక్క ఎంతో ఇక్కడా అంతే అనిపించింది. అనిపించింది అంటున్నాను. ఎముకలో సన్న మచ్చ ఉంటే మీటరుకు అందదు. తాడులో మందు ఉన్నంత మాత్రాన ఎముకలో లేదని కాదు. ఆ మాట వాళ్లకు చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండునని నరేశ్ ముఖం చూస్తే తెలిసింది.

నలుగురం ఒక కారు మాట్లాడుకుని నంద్యాల వచ్చాం. తాడు ప్లాస్టిక్ సంచిలో నా ఒళ్లో ఉంది. బాలయ్య మధ్యమధ్యలో నడుము దగ్గర కొత్త ముడి తడుముకున్నాడు.

ఐదూ ముప్పావు. మందు మూడో వంతే మిగిలింది కాబట్టి పొద్దున పట్టినదానికి రెండింతల సమయం పెట్టాలి. తుంటి దగ్గర సబ్బుతో కడగమని నరేశ్‌తో చెప్పాను. ఈసారి గౌను మార్పించేటప్పుడు గదిలోనే నిలబడి, ఏమేం తీయాలో శాంసన్ లాగే ఒక్కొక్కటి పేరు పెట్టి చెప్పాను. నోరు పెగలడానికి కష్టమేమీ కాలేదు. పొద్దున కూడా అయ్యేది కాదు.

ముందు సంచిలోని తాడును ఒక్కదాన్నే బల్ల మీద పెట్టి తీశాను. తెర మీద నల్లటి ముద్ద పడింది. తర్వాత బాలయ్యను పడుకోబెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. పాపమ్మ బయట కూర్చోనంది. అద్దం ఇవతల నా కుర్చీ వెనక నిలబడింది. తెర మీద చుక్క చుక్కగా ఎముకలు రావడం మొదలైంది. ముందు వెన్ను, తర్వాత పక్కటెముకలు, తర్వాత నడుము.

"ఇది మా ఆయప్పేనా?" అంది.

"ఊ."

"ఇంత సన్నగుండాడే లోపల."

ఎడమ తుంటి నిండింది. కుడి తుంటి నిండుతోంది. ఒక్క చుక్క నల్లబడితే చాలు, ఇక ఆళ్లగడ్డ పోయినందుకు, కొత్త తాడు కట్టించినందుకు, ఆశ పెట్టినందుకు నేను ఈమెకు ఏం చెప్పాలో తెలియదు. నేను భయపడ్డాను. పన్నెండేళ్లలో ఒక బొమ్మకు భయపడడం అదే మొదలు. కుడి తుంటి ఎడమదాని జతలాగే, బూడిద రంగులో, ఏ మచ్చా లేకుండా నిండింది. వెనక నుంచి తీశాను. పక్క నుంచి తీశాను. లేదు.

ఏడు కాకముందే డాక్టర్ ఫోన్ చేశారు. "ఎముకల్లో ఏమీ లేదు. కర్నూలుకు చెప్పేశాను, జాబితాలో ఉంటాడు. పాత రిపోర్టు రద్దు చేసి కొత్తది పంపిస్తున్నా. కారణం రాయాలి కదా. 'రోగి సూచనలు పాటించలేదు' అని రాయనా? మామూలుగా రాసేది అదే."

ఫోన్ స్పీకర్‌లో లేదు, అయినా నేను గొంతు తగ్గించలేదు. "తాడు తీయమని నేను చెప్పలేదు సార్. అదే రాయండి."

"సరే" అన్నారు.

బయటికి వచ్చి చెప్పాను. ఎముకలకు పాకలేదని, ఆపరేషన్ చేస్తారని. నరేశ్ రెండు చేతులతో తల పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. అంతలోనే లేచి బాలయ్య మీద పడ్డాడు.

"తాడుందని ఒక్క మాట చెప్పేకి నీకేమైంది బావా? ఏమన్నా ఉండాయా అని అడిగినారు గదా నిన్ను! నీ మూలాన ఎంత రగడ!"

బాలయ్య నా ముందుకు వచ్చి చేతులు జోడించాడు. "తప్పైపోయిందమ్మా. నాకు తెల్దు. నీకు శ్రమ పెట్టినా."

అరవై రెండేళ్ల మనిషి, నా తప్పుకు నాకు దండం పెడుతున్నాడు. ఊరుకుంటే పోయేది. వాళ్లకు ఎప్పటికీ తెలిసేది కాదు.

"నీ తప్పు కాదప్పా" అన్నాను. "నువ్వు బల్ల ఎక్కేటప్పుడు తాడు నాకు కనబడింది. తీయమని చెప్పల్ల. అది నా పని. ఆడదాన్ని ఎట్ల అడిగేదని సిగ్గుపడి ఊరుకున్న్యా."

బాలయ్య చేతులు అట్లాగే జోడించి ఉన్నాయి, దించాలో వద్దో తెలియనట్టు. పాపమ్మ వాటిని పట్టుకుని కిందికి దించింది. తర్వాత నా ఎదురుగా వచ్చి నిలబడింది. మధ్యాహ్నం నుంచి ఆమె నా ముఖం చూడడం అదే మొదటిసారి.

"నువ్వు ఒక్క మాటకు సిగ్గుపడితివి" అంది. ఆమె గొంతులో కోపం లేదు. "ఆ మాటకు ఈ పూటంతా నేను ముండమోసి కూసోనుంటినమ్మా."

ఆమె నా చేతిలోని కొత్త కవరు తీసుకుని, రవిక లోపల దాచుకుని, కొంగు సరిచేసుకుంది.

"ఆపరేషన్‌కు ఎన్ని గంటలకు రావల్ల?" అని అడిగింది.

చెప్పాను.